మిరప కళ్లం కాగితం మీదికి: ఇంటి ప్రింటర్‌తో ఐదు వారాలు

ఫిబ్రవరి రెండో వారంలో నరసరావుపేట దగ్గర అమ్మమ్మ ఊరికి వెళ్లి, మిరప కళ్లాల్లో మూడు రోజులు ఫొటోలు తీశాను. వాటిలో పన్నెండు ఏరి ఇంట్లోనే అచ్చు వేసి, ఉగాదికి అమ్మమ్మ చేతిలో పెట్టాలని అనుకున్నాను. స్టూడియోకి ఇస్తే ఒక్క పూటలో అయ్యే పని. కానీ ఎండుమిరప ఎరుపు ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. అది కాగితం మీద సరిగ్గా వచ్చేదాకా దగ్గరుండి చూసుకోవాలనిపించింది.

నా దగ్గరున్నవి: 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన రా ఫైళ్లు (కెమెరా పట్టిన వివరమంతా అలాగే ఉండేవి), ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్, ఏ4 మ్యాట్ కాగితం. ఫైళ్ల పని డార్క్‌టేబుల్‌లో, చివరి మెరుగులు జింప్‌లో. రెండూ ఉచితంగా దొరికే ఫొటో సాఫ్ట్‌వేర్‌లే.

ఫిబ్రవరి 17

మొదటి ప్రింటు. తెరమీద మధ్యాహ్నపు ఎండలా వెలిగిన కళ్లం కాగితం మీద సాయంత్రమైపోయింది. ప్రింటర్‌ను అనుమానించి నాజిల్ చెక్ (ఇంకు చిమ్మే రంధ్రాల పరీక్ష) చేస్తే గీతలన్నీ తెగకుండా వచ్చాయి. లోపం తెరలో ఉంది. వెలుతురు పూర్తిగా పెంచిన మానిటర్ ముందు కూర్చుని సరిచేసిన ఫైలు ఎప్పుడూ అవసరమైన దానికంటే ముదురుగానే తయారవుతుంది. తెర తనంతట తాను వెలుగుతుంది. కాగితం తన మీద పడిన వెలుగునే తిరిగి ఇస్తుంది.

కొలిచే పరికరం నా దగ్గర లేదు. అందుకని తెర మీద తెల్లటి పేజీ తెరిచి, పక్కన దీపం కింద తెల్ల కాగితం పెట్టి, రెండూ ఒకే తెలుపు అనిపించేదాకా మానిటర్ వెలుతురు తగ్గించుకుంటూ వచ్చాను. మూడో వంతు దగ్గర ఆగింది. మొదటి రెండు రోజులు తెర మసకగా తోచింది, తర్వాత కళ్లు అలవాటు పడ్డాయి. బల్ల మీది పసుపు బల్బు తీసి పగటి తెలుపుకు దగ్గరగా ఉండే 5000 కెల్విన్ బల్బు పెట్టాను.

ఫిబ్రవరి 20

కాగితం వృథా కాకుండా పట్టీల పద్ధతి మొదలుపెట్టాను. ఫొటోలో ముఖ్యమైన భాగం ఒకటి కత్తిరించి, దాన్నే ఐదు వెలుతురుల్లో ఒకే ఏ4 మీద పక్కపక్కన వేయడం. ఒక్కో పట్టీ కింద ఎంత పెంచానో చిన్న అక్షరాల్లో రాసుకున్నాను. తెర వెలుతురు దిద్దాక కూడా నా ఫొటోలకు స్టాప్‌లో మూడో వంతు పెంపు అవసరమైంది (ఒక స్టాప్ పెంచితే వెలుతురు రెట్టింపవుతుంది).

అదే కాగితం అంచున నలుపు నుంచి బూడిద రంగు దాకా మెట్లు కూడా అచ్చు వేశాను. సున్నా (పూర్తి నలుపు) నుంచి 255 (పూర్తి తెలుపు) దాకా ఉండే కొలతలో, 20 లోపు మెట్లన్నీ నా మ్యాట్ కాగితం మీద ఒకే నలుపుగా కలిసిపోయాయి. అంటే గుడిసె నీడలో కూర్చున్న మనిషి చీర మడతలు 10, 15 దగ్గర ఉంటే కాగితానికి ఆ మడతలు లేనట్టే. కనిపించాలనుకున్న నీడలన్నిటినీ 25 పైకి లేపుకున్నాను. పూర్తి నలుపును మాత్రం కదపలేదు. దాన్ని కూడా లేపితే బొమ్మ మీద పొగ కమ్మినట్టవుతుంది.

ఫిబ్రవరి 23

అమ్మమ్మ ముఖం గులాబీ రంగులో వచ్చింది. రంగుల సర్దుబాటు రెండుసార్లు జరగడమే కారణం: కాగితం ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) ప్రకారం సాఫ్ట్‌వేర్ ఒకసారి మార్చింది, మళ్లీ ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రామ్) తన లెక్కలో మార్చింది. ఈ పని ఇద్దరిలో ఒకరే చేయాలి. ప్రొఫైల్‌ను సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకుని, డ్రైవర్‌లో రంగుల సర్దుబాటు ఆపేశాను. డ్రైవర్‌లో కాగితం రకం కూడా ఆ ప్రొఫైల్ చెప్పినదే ఉండాలి, ఎందుకంటే ఎంత ఇంకు పోయాలో దాన్నిబట్టే తేలుతుంది. వెంటనే ముఖం చామనఛాయకు తిరిగి వచ్చింది.

మార్చి 1 నుంచి 8 వరకు

ఈ వారమంతా ఎరుపుతోనే గడిచింది. ఆరబోసిన కాయల రాశి ఫొటో తెరమీద కళ్లు చెదిరేలా ఉంది. ప్రింటులో మాత్రం ఎర్ర గుడ్డ పరిచినట్టు వచ్చింది. కాయకూ కాయకూ మధ్య గీత లేదు, ముడత లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటి హిస్టోగ్రామ్ (ఏ వెలుతురు ఎంత ఉందో చూపే పటం) విడివిడిగా చూస్తే విషయం బోధపడింది. రాశిలో చాలా చోట్ల ఎరుపు 255 దగ్గర గోడకు ఆనుకుని ఉంది, ఆకుపచ్చ, నీలం 20 లోపే ఉన్నాయి. ఎరుపు అంతటా ఒకే అంకె అయితే అందులో వెలుగునీడల తేడా ఎక్కడ మిగులుతుంది? మామూలు హిస్టోగ్రామ్ మూడింటినీ కలిపి చూపిస్తుంది కాబట్టి అందులో ఏ తప్పూ కనబడలేదు.

రా ఫైలుకు తిరిగి వెళ్లాను. అక్కడ ఎరుపు ఇంకా చెడలేదు. నేను రంగు గాఢత పెంచి, తెరలకు వాడే మామూలు రంగుల పరిధి ఎస్‌ఆర్‌జీబీలోకి దించినప్పుడే నలిగిపోయింది. ఎక్స్‌పోజర్ (మొత్తం వెలుతురు) అర స్టాప్ తగ్గించాను, ఎరుపు గాఢత 15 శాతం తగ్గించాను, మార్పు రాశి వరకే తగిలేలా మాస్కు గీసి స్థానిక కాంట్రాస్ట్ (పక్కపక్క వివరాల మధ్య వెలుగునీడల తేడా) కొద్దిగా పెంచాను. సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో తెరమీదే చూపే ఏర్పాటు) పెట్టి, ఈ కాగితం చూపించలేని రంగుల హెచ్చరిక ఆన్ చేశాను. మొదట రాశి మొత్తం హెచ్చరిక రంగులో నిండిపోయింది. సర్దుబాటు తర్వాత నాలుగైదు మచ్చలే మిగిలాయి. వాటిని వదిలేశాను, అవి మెరుపు పడిన చోట్లు.

రెండరింగ్ ఇంటెంట్ (కాగితం చూపించలేని రంగులను ఎలా సర్దాలనే పద్ధతి) రెండు రకాలుగా వేసి చూశాను. రిలేటివ్ కలరిమెట్రిక్‌లో కాగితం అందుకోలేని ఎరుపులన్నీ అంచుకు చేరి ఒకటైపోయాయి. పర్‌సెప్చువల్‌లో మొత్తం ఎరుపు కాస్త తగ్గినా, ఒక ఛాయకూ ఇంకో ఛాయకూ తేడా నిలిచింది. రాశికి పర్‌సెప్చువల్, ముఖాలకు బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌తో (ఫైలులోని నలుపును కాగితం నలుపుకు కుదిర్చే సర్దుబాటు) రిలేటివ్ అని ఖాయం చేసుకున్నాను.

ఇప్పుడు ప్రింటులో తొడిమలు లెక్కపెట్టవచ్చు. ఎండి ముడుచుకున్న చోట కాయ దాదాపు నల్లగా, వీపు మీద ఎండ తగిలిన చోట నారింజకు దగ్గరగా ఉంది. గాఢత తగ్గించినా కంటికి ఎరుపు తగ్గినట్టు లేదు. రాశి పక్కనే బూడిద రంగు పట్టా ఉంది. దానిలోని నీలి ఛాయ తీసేసి శుద్ధమైన బూడిదగా దిద్దాక, ఎరుపు తనంతట తానే పైకి లేచింది.

మార్చి 11

సైజుల లెక్క. అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలని పెట్టుకున్నాను. ఏ4 మొత్తానికి 2480, 3508 పిక్సెళ్లు సరిపోతాయి. నా ఫైళ్లు 4000, 6000. కాబట్టి పూర్తి ఫొటోలకు ఇబ్బంది లేదు. చిక్కు కొలతల పొంతన దగ్గర వచ్చింది. కెమెరా బొమ్మ మూడుకు రెండు, ఏ4 అలా కాదు. నిండా పరిస్తే చివర్లు తెగుతాయి. పదిన్నర అంగుళాలకు ఏడు అంగుళాలు పెట్టి, చుట్టూ తెల్ల అంచు వదిలాను.

అమ్మమ్మ తాలు కాయలు ఏరుతున్న చేతుల ఫొటోను బాగా కత్తిరించాల్సి వచ్చింది, 2100 పిక్సెళ్లే మిగిలాయి. ఏడు అంగుళాల వెడల్పుకు సరిగ్గా సరిపోయింది, అంతకు మించి సాగదీయలేదు. చిన్న బొమ్మే అయినా, గోళ్ల అంచుల్లో ఇంకిన ఎరుపు, వేళ్ల మీది పగుళ్లు స్పష్టంగా ఉన్నాయి. ఫైలులో అంగుళానికి 72 పిక్సెళ్లు అని ఉన్న అంకెను 300 అని దిద్దితే నాణ్యత పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. పిక్సెళ్లు అవే ఉంటాయి, కాగితం మీద పరుచుకునే కొలత మాత్రమే మారుతుంది.

మామయ్య ఫోనుతో తీసిన ఫొటో ఒకటి చాటింగ్ యాప్‌లో వచ్చింది, పొడవు 1600 పిక్సెళ్లు. అయిదున్నర అంగుళాలు కూడా రాదు. దాన్నే డాక్యుమెంట్‌గా పంపమంటే అసలు ఫైలు చేరింది.

మార్చి 13

షార్పెనింగ్ (అంచులకు పదును పెట్టడం) అన్నిటికంటే చివర, సైజు ఖాయమయ్యాకే. మ్యాట్ కాగితంలో ఇంకు కొంచెం పాకుతుంది కనుక, తెరమీద నూరు శాతంలో కాస్త గరుకుగా కనబడేంత ఇస్తేనే కాగితం మీద సరిపోయింది. ముఖాలకు అందులో సగం. అసలు ఫైలును 16 బిట్ టిఫ్‌గా (వివరం పోకుండా దాచే ఫైలు రకం) ఉంచి, ప్రింటుకు వేరే నకలు చేసి, పేరులోనే కాగితం, సైజు రాస్తున్నాను.

మార్చి 16

పన్నెండులో తొమ్మిది సిద్ధం. ఒక్కోటి 24 గంటలు విడిగా ఆరబెట్టి, మధ్యలో పలుచటి కాగితం వేసి అట్టపెట్టెలో పెట్టాను. నా ప్రింటర్‌లోది డై ఇంకు, ఎండకు వెలుస్తుంది. అందుకే ఫ్రేములు కట్టించేటప్పుడు అద్దానికి తగలకుండా అంచు అట్ట పెట్టించాలి, అమ్మమ్మ ఇంట్లో కిటికీకి ఎదురుగా లేని గోడ చూసుకోవాలి.

పదోది రాత్రి పూట కళ్లం కాపలా. ఒక్క బల్బు వెలుతురు, దాని కింద నులక మంచం, వెనక రాశి చీకట్లో. చీకట్లో ఎరుపు ఎంతవరకు కనబడాలో ఇంకా తేల్చుకోలేదు. దాని ఐదు పట్టీలు బల్ల మీద ఆరుతున్నాయి, పొద్దున వరండాలో వెలుతురు పడగానే చూస్తాను.