బావగారు వద్దన్న ఇంజెక్షన్

అపెండిక్స్ పగిలిన సంగతి నాకు తెలియనే లేదు. తెనాలిలో ఇంట్లోనే వాము నీళ్లు తాగుతూ, గ్యాస్ అనుకుని రెండు రోజులు గడిపేశాను. రెండో రాత్రి నొప్పి కాస్త తగ్గితే నయమైందనుకున్నా. పగిలినప్పుడు కాసేపు అలాగే తేలికవుతుందట! తెల్లారేసరికి వణుకు, మాట తడబాటు. గుంటూరు చేరేసరికి పై బీపీ 70.

వెంటనే ఆపరేషన్ చేసి చీము కడిగారు. తర్వాత ఐసీయూ, వెంటిలేటర్. బీపీని పైకి లేపే మందు నార్‌అడ్రినలిన్ పెంచుతున్నా బీపీ నిలబడకపోవడంతో హైడ్రోకార్టిసోన్ మొదలుపెడతామన్నారు. స్టెరాయిడ్ అనగానే మా బావగారు అడ్డుపడ్డారు. "అసలే ఇన్ఫెక్షన్. ఉన్న శక్తి కూడా పోదా అండీ?" అన్నారట. ఇదంతా అక్క చెప్పిందే. నాకు గుర్తున్నది గొట్టం తీశాక వేసిన దాహం ఒక్కటే.

డ్యూటీ డాక్టర్ గారు అన్నది మాత్రం అక్క మర్చిపోలేదు. "ఇది ప్రాణం పోసే మందని చెప్పనమ్మా. బీపీ మందు త్వరగా ఆపడానికి పనికొస్తుంది."

ఇంటికొచ్చాక కుతూహలం కొద్దీ చదివాను. 2018లో వచ్చిన అడ్రినల్ అనే ట్రయల్‌లో నాలాగే ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌తో వెంటిలేటర్ మీదున్న దాదాపు 3,800 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రోజుకు 200 మిల్లీగ్రాముల ఇదే మందు, రెండో గుంపుకు ఉత్తుత్తి మందు. 90 రోజుల్లో చనిపోయినవాళ్లు 27.9 శాతం, 28.8 శాతం. పెద్ద తేడా లేదు. షాక్ నుంచి తేరుకోవడానికి మాత్రం నాలుగు రోజులకు బదులు మూడే పట్టింది. అదే ఏడాది ఫ్రాన్స్ ట్రయల్‌లో దీనికి ఫ్లూడ్రోకార్టిసోన్ అనే మరో స్టెరాయిడ్ కలిపి ఇస్తే మరణాలు 49.1 నుంచి 43 శాతానికి తగ్గాయి. ఇంత తర్జనభర్జనను ఆ డ్యూటీ డాక్టర్ గారు రెండు ముక్కల్లో, అదీ అర్ధరాత్రి, ఎంత నిజాయితీగా చెప్పారో!

నాకు మూడో రోజు సాయంత్రం బీపీ మందు ఆపేశారు. స్టెరాయిడ్ వల్లో, చీము కడిగినందువల్లో నా ఒక్కడి కేసు చూసి ఎవరు తేల్చగలరు? నా ఓటు మాత్రం సర్జన్ గారికే. స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరిగి కొన్నాళ్లు ఇన్సులిన్ కూడా పడింది.

ఇంటికొచ్చాక నీళ్ల బకెట్ ఎత్తలేకపోయాను. మూడో నెలలో జుట్టు కుచ్చులుగా ఊడింది. షాపు లెక్కలు ఇప్పటికీ రెండుసార్లు కూడుకుంటాను.

బావగారు ఐసీయూలో నా ఉబ్బిన మొహం ఫోటో ఇంకా ఫోన్లో దాచుకున్నారు. "చూశావా, స్టెరాయిడ్ మహిమ" అంటారు. అది సెలైన్ నీరు బావగారూ అన్నా వినరు.