ఖాళీ సీసా పారేసే ముందు మూత చూడండి

మూడేళ్ల కిందట ఒక ట్రెక్‌లో రెండో రోజు సాయంత్రం టెంట్ వేసుకుని, బ్యాగ్‌లోంచి స్లీపింగ్ బ్యాగ్ లాగితే చేతికి జిడ్డుగా తగిలింది. తీసి చూస్తే వంటకని తెచ్చుకున్న నూనె సగానికి సగం కారిపోయి ఉంది. బరువు తగ్గించుకుందామని ఇంట్లో ఖాళీ అయిన చిన్న జ్యూస్ సీసాలో పోసి తెచ్చాను. అలా నొక్కితే మూసుకుని, ఇలా లేపితే తెరుచుకునే మూత దానిది. ఏదో గుడ్డిగా తెచ్చిందీ కాదు, బయల్దేరే ముందు నీళ్లు నింపి రాత్రంతా తలకిందులుగా పెట్టి చూశాను, ఒక్క చుక్క పడలేదు. పైగా నాది ఈకల స్లీపింగ్ బ్యాగ్, జిడ్డు పట్టిన చోట ఈకలు ముద్దకట్టి ఉబ్బు పోతే ఇక చలి ఆపదు. పక్క టెంట్‌లోని స్నేహితుడు వాసన పట్టి "ఏంట్రా, పడుకుంటున్నావా, వేయించుకుంటున్నావా" అన్నాడు.

నీళ్లకి ఆగింది నూనెకి ఎందుకు ఆగలేదో ఇంటికొచ్చాక కూర్చుని చదివితే, కారణం స్కూల్లో చదివి మర్చిపోయిన తలతన్యత, అంటే ద్రవం తన పైపొరని బిగించి పట్టుకునే గుణం. నీళ్లకి అది మీటరుకి 72 మిల్లీన్యూటన్లు ఉంటే వంటనూనెలకి 32 దగ్గర, అంటే సగం కూడా లేదు. ప్లాస్టిక్ మీద నీటి చుక్క ముత్యంలా నిలబడుతుంది, నూనె చుక్క పరుచుకుని పాకుతుంది. మూతకీ సీసా మూతికీ మధ్య వెంట్రుకంత సందు ఉందనుకోండి, నీళ్లు అక్కడ ఆగిపోతాయి, నూనె మాత్రం మెల్లగా దారి చేసుకుని వచ్చేస్తుంది. ద్రవ సబ్బుదీ అదే తంతు, సబ్బు చేసే పనే నీటి తలతన్యత తగ్గించడం కాబట్టి. ఇది తెలిశాక నీళ్లతో పరీక్షించడం మానేశాను. ఏది పోసి తీసుకెళ్తామో దానితోనే చూడాలి: సీసాని పాత పేపర్ మీద అడ్డంగా పడుకోబెట్టి, పైన ఒక లావుపాటి పుస్తకం పెట్టి రాత్రంతా వదిలేయాలి. బ్యాగ్‌లో సీసా ఉండేది ఆ భంగిమలోనే, ఆ ఒత్తిడిలోనే. నూనె కారితే పేపర్ మీద మరక దాగదు.

అప్పట్నుంచి ఖాళీ సీసా చేతిలోకి వస్తే మొదట నా కళ్లు మూత మీదికే పోతాయి, సీసా ఎంత తేలిగ్గా ఉందన్నది ఆ తర్వాత. మూత తిప్పి లోపల చూడండి. మధ్యలో సన్నటి ప్లాస్టిక్ వలయం ఒకటి కిందికి పొడుచుకొచ్చి ఉంటే, అది సీసా మూతి లోపలికి బిరడాలా దిగి పట్టుకుంటుంది. లోపలంతా చదునుగా ఉండి మెత్తటి బిళ్ల అతికించి ఉంటే పర్వాలేదు, కానీ ఆ బిళ్ల వాసనలు పీల్చుకుంటుంది, కొన్నాళ్లకి ఊడొస్తుంది. ఈ రెండూ లేక, మూత కింద చించి తీసేసే రేకు ఉండేదయితే జాగ్రత్త, ఆ సీసాలో కారకుండా ఆపే పని అసలు చేసింది రేకే, మూత పేరుకి మాత్రమే. ఇక నన్ను ముంచిన లేపే మూతలు, బ్యాగ్‌లో దేనికో రాసుకుని వాటంతటవే తెరుచుకున్నా తెరుచుకుంటాయి.

మూతల్లో రాజు ఏదంటే నేను సోడా, కూల్‌డ్రింక్ సీసాల మూతే అంటాను. గది వేడిలో ఆ సీసా లోపలి పీడనం కారు టైరులో గాలి కంటే ఎక్కువే ఉంటుంది, దాన్ని నెలల తరబడి గ్యాస్ పోకుండా పట్టి ఉంచిన మూతకి మన నూనె ఒక లెక్కా. సీసా కూడా అంతే. పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసే ఈ సీసాకి నేథేనియల్ వైయెత్ అనే ఇంజనీరు 1973లో పేటెంట్ తీసుకున్నాడు, ఆయన పట్టుదల అంతా గ్యాస్ ఉన్న పానీయాన్ని పగలకుండా మోసే ప్లాస్టిక్ చేయాలనే. అడుగున పువ్వు రేకుల్లా ఉండే అయిదు కాళ్లూ అలంకారం కాదు, చదునుగా చేస్తే లోపలి ఒత్తిడికి అడుగు ఉబ్బి సీసా నిలబడదు.

బరువుల సంగతి. అర లీటరు సోడా సీసా పాతిక గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది, అదే సైజు మామూలు నీళ్ల సీసా పది గ్రాములు కూడా ఉండొచ్చు. ట్రెక్కింగ్ పేరుతో అమ్మే వెడల్పు మూతి గట్టి ప్లాస్టిక్ లీటరు సీసా ఖాళీగానే 180 గ్రాముల దాకా ఉంటుంది, స్టీలుదయితే ఇంకా ఎక్కువ. రెండు లీటర్ల నీళ్లు మోసేవాళ్లకి ఇక్కడే పావు కిలో మిగులుతుంది. కానీ మరీ పల్చటి నీళ్ల సీసాల జోలికి నేను వెళ్లను. చేత్తో పట్టుకుంటేనే నలుగుతాయి, నలిగిన చోట మడత పడుతుంది, అదే మడత నాలుగైదు సార్లు పడ్డాక అక్కడ సూది మొనంత చిల్లు పడుతుంది. ఆ మిగిలే పదిహేను గ్రాముల కోసం తడిసిన బట్టలతో పడుకునే ఓపిక నాకు లేదు. సోడా సీసాతో ఇంకో లాభం, దాని మూతి 28 మిల్లీమీటర్ల కొలతలో వస్తుంది, బిగించి పిండుకునే చిన్న నీటి ఫిల్టర్లు చాలావరకు ఆ మరలకి సరిపోతాయి. నీళ్ల సీసాల్లో కొన్నింటికి మూతి కొలత వేరు, మరలు పొట్టివి. ఫిల్టర్ బిగుస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోండి, కొండ మీద కాదు.

వేడి నీళ్లు మాత్రం వద్దు. ఒకసారి చలి బాగా ఉందని రాత్రి కాళ్ల దగ్గర పెట్టుకుందామని మరిగిన నీళ్లు ఆ సీసాలోనే పోశాను. నా కళ్ల ముందే కుంచించుకుపోయి, మెడ పక్కకి వాలి, మూత బిగించడానికి లేకుండా పోయింది. పెట్ 70, 75 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుందని నాకప్పుడు తెలియదు. సీసా అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటే అది పెట్, 5 ఉంటే పాలీప్రొపిలీన్, ఇది వేడికి చాలా నయం, 2 అంటే గట్టి రకం పాలిథీన్. వేడిగా నింపే జ్యూసుల కోసం వేడికి తట్టుకునేలా చేసిన పెట్ సీసాలూ ఉన్నాయి, పక్కలు పలకలు పలకలుగా ఉంటాయి, గోడలు మందం, బరువూ ఎక్కువే. వాటిలోనైనా సలసలా కాగే నీళ్లు నేను పోయను. గడ్డకట్టే చలిదీ ఒక మాట, నీళ్లు మంచుగా మారితే దాదాపు 9 శాతం పెరుగుతాయి కాబట్టి సీసా నిండుగా పోయకండి. రాత్రి తలకిందులుగా పెడితే మంచు పైకి చేరేది అడుగు వైపు, పొద్దున్నే మూత తెరుచుకుంటుంది.

ఎత్తుకి ఎక్కేవాళ్లకి ఇంకో చిక్కు. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో సగమే. 3,000 మీటర్లకే దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. కింద మూత బిగించిన సీసాలో మిగిలిన గాలి పైకెళ్లేకొద్దీ వ్యాకోచించాలని చూస్తుంది, లోపల ఉన్నదాన్ని మూత వైపు తోస్తుంది. తేనె, కెచప్ లాంటివి వచ్చే పిండే సీసాల్లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది, మూత అలా లేపగానే ఫచ్ మని మొహం మీదికి. అందుకే నింపాక కొంచెం నొక్కి గాలి బయటికి పంపి అప్పుడు మూత పెడతాను, పైకి చేరాక సీసాని నిలబెట్టి మూత ఒక చుట్టు వదులు చేసి మళ్లీ బిగిస్తాను. ఇంత చేసినా జిప్ కవర్‌లో పెట్టకుండా ఏ ద్రవాన్నీ బ్యాగ్‌లోకి పోనివ్వను, ఒకసారి కాలింది కదా.

ఆ పిండే సీసాల గురించే ఇంకో మాట. మూతలో సిలికాన్ కవాటం ఉన్నవి వాడకానికి భలే ఉంటాయి, నొక్కితేనే వస్తుంది, వదిలితే ఆగుతుంది. కానీ పాలిథీన్ వాసన పీల్చుకుంటుంది, కెచప్ సీసాని ఎన్నిసార్లు కడిగినా, వంటసోడా వేసి నానబెట్టినా, మూత తీసి ఎండలో పెట్టినా నీళ్లు పోస్తే కెచప్ నీళ్లే. అందుకని వాటిని వంట సరుక్కే వాడతాను, తాగేవాటికి పెట్ సీసాలే. పాల క్యాన్లు నేను అసలు దాచను, పిడి లోపలి సందుల్లో పాల జిడ్డు ఎక్కడో మిగిలి నాలుగో రోజుకి కంపు కొడుతుంది. పాలు, జ్యూసులు వచ్చే అట్ట డబ్బాలయితే వదిలేయండి, వాటిలో ముప్పావు వంతు కాగితమే, ఒకసారి కత్తిరించాక అంచు నీరు పీల్చి మెత్తబడుతుంది, లోపల ఆరబెట్టడానికీ వీలుండదు.

ఇంట్లో వాళ్లు పారేయబోతే నేను లాక్కున్న వాటిలో బాగా పనికొచ్చింది అట్టపెట్టెలో అమ్మే వైన్‌కి లోపల ఉండే ప్లాస్టిక్ సంచి. మూడు లీటర్లు పట్టేది, కింద చిన్న కుళాయి, ఖాళీ అయితే మడిచి జేబులో పెట్టుకోవచ్చు. రాత్రి క్యాంపులో నీళ్లు నింపి చెట్టుకి వేలాడదీస్తే మాటిమాటికీ వాగు దగ్గరికి వెళ్లే పని తప్పుతుంది, గాలి ఊదితే దిండు. ఈ రకం సంచిని 1950ల్లో మొదట చేసింది బ్యాటరీ యాసిడ్ మోయడానికట, వైన్ సంగతి తర్వాత. ముళ్లకి మాత్రం ఓర్వదు, ప్రయాణంలో నిండుగా మోయకండి.

ఇక చిన్న చిన్న మోతాదులు. నాకు అర్థమైందేంటంటే ఇక్కడ సీసా బరువు కంటే అందులో పోసేదాని బరువే ఎక్కువ మోసేస్తున్నాం. మూడు రోజులకి ద్రవ సబ్బు ఎంత కావాలి? ముప్పై మిల్లీలీటర్లు చాలు, అందరం వంద పోసుకుంటాం. ఎసెన్స్‌లు వచ్చే బుల్లి ప్లాస్టిక్ సీసాలు, మూతి ఉన్న పిండే పౌచ్‌లు, విడిగా ఇచ్చే సాస్ ప్యాకెట్లు, వీటికి అక్కడ పని. ఒక్క పూటకి సరిపడా అయితే ప్లాస్టిక్ స్ట్రా ముక్కలో పోసి రెండు కొసలూ పట్టకారుతో పట్టి మంట చూపిస్తే అతుక్కుపోతాయి. నూనె ఒక్కదాని దగ్గర మాత్రం నేను పిసినారితనం చూపను, వంద మిల్లీలీటర్లు తూగేది 91 గ్రాములు, ఇచ్చేది 800 పైచిలుకు కేలరీలు, మోసిన బరువుకి అంత శక్తి ఇచ్చేది బ్యాగ్‌లో ఇంకోటి ఉండదు.

స్పిరిట్ పొయ్యి వాడేవాళ్లతో మాత్రం కొంచెం గట్టిగానే మాట్లాడాలి. స్పిరిట్‌ని పెట్ సీసాలో కొన్నాళ్లు మోస్తే సీసాకేమీ కాదు, మనుషులకే ప్రమాదం. అది చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, మెథనాల్ అనే విషం కలిసిందయితే కొంచెం తాగినా చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. నీళ్ల సీసాలూ స్పిరిట్ సీసా ఒకే ఆకారంలో ఉండకూడదు. చీకట్లో దాహమేసి చేయి పెట్టినా తేడా తెలియాలి, అందుకే నాది పొట్టి పలకల సీసా, మెడ చుట్టూ గరుకు టేపు, ఎర్ర రంగుతో పేరు రాసి ఉంటుంది, బ్యాగ్ బయట జేబులోనే ఉంటుంది. ఒకసారి ఇంధనం పోసిన సీసాలో ఇంక జన్మలో తాగేది పోయకండి. పెట్రోల్ రకం ఇంధనాలకయితే వాటి కోసమే చేసిన లోహపు సీసా కొనుక్కోవాల్సిందే, అక్కడ పొదుపు వద్దు. దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే అది కొన్ని గట్టి ప్లాస్టిక్‌లని తినేస్తుంది, 2 గానీ 5 గానీ ఉన్న సీసా చూసుకోండి.

ఎన్నాళ్లు వాడొచ్చని అడుగుతుంటారు. నేను తేదీ పెట్టుకోను, ప్రతి ట్రెక్ ముందు వెలుతురుకి ఎత్తి చూస్తాను, తెల్లగా గీతలు పడి మడత కనిపించినా, మూత మరలు జారినా, వాసన వదలకపోయినా పాత సామాన్లలోకి వెళ్లిపోతుంది. ఎలాగూ దాని స్థానంలోకి ఇంకోటి ఇంట్లో ఖాళీ అవుతూనే ఉంటుంది.

అన్నట్టు ఆ రోజు నూనె కార్చిన జ్యూస్ సీసా ఇంకా నా దగ్గరే ఉంది. కోపంలో పారేయబోతూ మూతి కొలిస్తే అదీ 28 మిల్లీమీటర్లే. ఆ లేపే మూత తీసేసి సోడా సీసా మూత బిగించాను, పేపర్ మీద రెండు రాత్రులు పుస్తకం కింద పడుకుంది, మరక లేదు. ఇప్పుడు నా నూనె సీసా అదే.