లెక్క కెర్నెల్ దగ్గరే ఉంది: ఎక్స్‌డీపీకి కనెక్షన్ ట్రాకింగ్ కలిపిన నా అనుభవం

అనంతపురంలో ఒక కేబుల్ ఇంటర్నెట్ సంస్థకు గేట్‌వే సర్వర్లు చూసుకోవడం నా పని. సాయినగర్, కమలానగర్, పాతూరు వైపు ఇళ్లు, దుకాణాలు, ల్యాబులు మా లినక్స్ మెషిన్ల గుండానే బయటికి పోతాయి. లోపల కస్టమర్లకు ప్రైవేట్ అడ్రస్‌లు, బయట కొద్దిపాటి పబ్లిక్ అడ్రస్‌లు, మధ్యలో నాట్, అంటే లోపలి అడ్రస్‌ను బయటి అడ్రస్‌గా మార్చే పని. ఇలాంటి చోట పబ్లిక్ అడ్రస్ మీదికి చెత్త యూడీపీ ప్యాకెట్లు (ముందుగా కనెక్షన్ పెట్టుకోకుండా పంపే రకం) వరదలా వచ్చి పడితే, లింకు నిండకముందే సీపీయూ నిండిపోతుంది. సీపీయూ వాడకం చూపే టాప్ కమాండ్ తెరిచి చూస్తే, వచ్చిన ప్యాకెట్ల పని చేసే కేసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ ప్రతి కోర్ మీదా నూటికి నూరు శాతం. సాయంత్రం పూట అయితే ఫోన్లు మోగడం ఆగేది కాదు.

పారేయాల్సిన ప్యాకెట్ మీద కూడా కెర్నెల్, అంటే లినక్స్ అసలు భాగం, చాలా పని చేస్తుంది. దానికి ఎస్‌కేబీ (ప్యాకెట్ వివరాలు పెట్టుకునే మెమరీ స్ట్రక్చర్) కేటాయిస్తుంది, కాన్‌ట్రాక్, అంటే నడుస్తున్న కనెక్షన్ల లెక్క ఉండే పట్టికలో వెతుకుతుంది, దొరక్కపోతే కొత్త ఎంట్రీ ఒకటి తయారుచేస్తుంది. ఆ తర్వాతెప్పుడో ఫైర్‌వాల్ రూలు వద్దంటే అన్నీ కలిపి పారేస్తుంది. ఎక్స్‌డీపీ వచ్చింది ఈ ఖర్చు తప్పించడానికే. 2016లో 4.8 కెర్నెల్‌తో వచ్చిన ఈ సదుపాయంతో మనం రాసిన చిన్న బీపీఎఫ్ ప్రోగ్రాం (కెర్నెల్ లోపల నడిచే రకం) నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ లోపలే, ఎస్‌కేబీ పుట్టకముందే నడుస్తుంది. ఉంచాలా, పారేయాలా అక్కడే తేల్చేయొచ్చు.

కానీ దేన్ని చూసి తేల్చాలి? ఆ ప్రోగ్రాం చేతిలో ఉండేది ప్యాకెట్ బైట్లు మాత్రమే. వచ్చింది మన కస్టమర్ అడిగినదానికి జవాబా, ఎవడో విసిరిన చెత్తా అన్నది అడ్రస్, పోర్టు చూసి చెప్పలేం. అది తెలిసింది కాన్‌ట్రాక్‌కు. ఆ కాన్‌ట్రాక్ ఉండేది ఎక్స్‌డీపీకి చాలా పైన.

పాత కెర్నెల్ ఉన్నన్నాళ్లూ మా ఏర్పాటు వేరు. బయటికి పోయే ప్రతి ప్యాకెట్‌నూ టీసీ ఈగ్రెస్ (ప్యాకెట్ కార్డుకు చేరేముందు మజిలీ) దగ్గర పట్టుకుని, దాని అడ్రస్‌లూ పోర్టులూ ఒక బీపీఎఫ్ మ్యాప్‌లో, అంటే ఆ ప్రోగ్రాంలు వాడుకునే పట్టికలో, రాసుకునేవాళ్లం. లోపలికి వచ్చేదాన్ని ఎక్స్‌డీపీ ఆ మ్యాప్‌లో వెతికేది. అప్పటికి అంతకన్నా దారి లేదు. బీపీఎఫ్‌తో నెట్‌వర్కింగ్ నడిపే సిలియం లాంటి పెద్ద ప్రాజెక్టు కూడా తన కనెక్షన్ పట్టికను బీపీఎఫ్ మ్యాపుల్లోనే నడుపుతుంది. అయితే సిలియం మొత్తం దారిని తన చేతిలో పెట్టుకుంటుంది. మా దగ్గర నాట్ చేసేది కెర్నెల్, లెక్క రాసేది మా మ్యాప్. మండీలో ఒకే బాకీని ఇద్దరు గుమాస్తాలు రెండు పుస్తకాల్లో రాసినట్టు, ఎక్కడో ఒకచోట తేడా వచ్చి తీరుతుంది.

వచ్చింది కూడా. సాయినగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్ ఉంది. స్కాన్ బొమ్మలు బెంగళూరులో ఉన్న డాక్టర్‌కు పంపడానికి పొద్దున ఒక టీసీపీ కనెక్షన్ తెరిచి పెట్టుకుంటారు. మధ్యాహ్నం పేషెంట్లు లేకపోతే అందులో గంటలకొద్దీ ఏమీ కదలదు. కెర్నెల్ లెక్కలో ఇలాంటి ఎస్టాబ్లిష్డ్ కనెక్షన్‌కు మామూలు గడువు 4,32,000 సెకన్లు, అంటే 5 రోజులు. మా మ్యాప్ ఎల్‌ఆర్‌యూ రకం. ఏ ఇంట్లోనో వైరస్ పట్టిన కంప్యూటర్ ఒకటి బయటి అడ్రస్‌లన్నీ వరసగా తట్టడం మొదలుపెడితే మ్యాప్ నిండిపోయి, చాలాసేపుగా కదలని ఎంట్రీలు ముందుగా ఎగిరిపోతాయి. కనెక్షన్ ఉందని కెర్నెల్ అంటుంది, లేదని మా ప్రోగ్రాం అంటుంది. "సార్, ఆ పక్కనుంచి రిపోర్టు రావడంలే. మేం ఈ పక్కనుంచి ఒకటి పంపితే మళ్లీ వస్తాంది" అని సెంటర్‌లో అమ్మాయి చెప్పిన మాట అక్షరాలా మా మ్యాప్ పనితీరే.

మ్యాప్ పెద్దది చేస్తే ఈ సమస్య వాయిదా పడుతుంది, పోదు. లెక్క ఒక్కచోటే ఉండాలి, అది కెర్నెల్ దగ్గరే ఉండాలి, మన ప్రోగ్రాం అడిగి తెలుసుకోవాలి. అప్పటి నుంచీ నా పట్టుదల అదే.

2022లో వచ్చిన 5.18 కెర్నెల్ ఆ దారి తెరిచింది. బీపీఎఫ్ ప్రోగ్రాంలు నేరుగా పిలవగలిగే కెర్నెల్ ఫంక్షన్లను కేఫంక్‌లంటారు. వాటిలో 'బీపీఎఫ్ ఎక్స్‌డీపీ సీటీ లుకప్' ఒకటి. పిలిస్తే నెట్‌ఫిల్టర్ (కెర్నెల్‌లోని ఫైర్‌వాల్ భాగం) నడిపే కాన్‌ట్రాక్ పట్టికలో వెతికి, దొరికితే అసలు ఎంట్రీ పాయింటర్‌నే చేతికిస్తుంది. డెబియన్ 12 అనే లినక్స్‌లో ఉన్నది 6.1 కెర్నెల్ కాబట్టి, గేట్‌వేలను దానికి మార్చాక పని మొదలైంది.

ముందు టెస్ట్ బెడ్. ఒకే మెషిన్‌లో మూడు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (ఒకదానికొకటి సంబంధం లేని విడి నెట్‌వర్క్‌లు), వాటిని కలిపే వెత్ జతలు, అంటే సాఫ్ట్‌వేర్ కేబుళ్లు: ఒకటి కస్టమర్, ఒకటి గేట్‌వే, ఒకటి బయటి ప్రపంచం. ప్రోగ్రాం లోడ్ కావడానికే నెట్‌ఫిల్టర్ కాన్‌ట్రాక్ మాడ్యూల్ ముందుగా ఎక్కి ఉండాలి. లేకపోతే ఆ పేరుగల ఫంక్షన్ కెర్నెల్‌లో గానీ మాడ్యూళ్ల బీటీఎఫ్‌లో (ఫంక్షన్ల, టైపుల వివరాల్లో) గానీ లేదని ప్రోగ్రాంను లోడ్ చేసే లిబ్‌బీపీఎఫ్ లైబ్రరీ తిప్పి పంపుతుంది. బూట్ సమయంలో మాడ్యూల్ ముందు, ప్రోగ్రాం తర్వాత వచ్చేలా సిస్టమ్‌డీలో వరస పెట్టాం. ఇంకోటి, ప్రోగ్రాం లైసెన్స్ కెర్నెల్ లైసెన్సైన జీపీఎల్‌కు సరిపడేది కాకపోతే కెర్నెల్ కేఫంక్‌లను పిలవనివ్వదు.

అడిగే తీరు కొంచెం వివరంగా చెబుతాను. ప్యాకెట్‌లో ఉన్న అడ్రస్‌లు, పోర్టులు తీసి ఒక టపుల్‌లో, అంటే వరసగా పేర్చే స్ట్రక్చర్‌లో, పెట్టాలి. బైట్ల వరస ప్యాకెట్‌లో ఎలా ఉంటే అలాగే ఉండాలి, తిప్పకూడదు. ఐపీవీ4 టపుల్ 12 బైట్లు, ఐపీవీ6ది 36. దాంతోపాటు ఆప్షన్ల స్ట్రక్చర్ ఒకటి ఇవ్వాలి. అందులో నేమ్‌స్పేస్ ఐడీ మైనస్ 1 అని రాస్తే ఆ ఇంటర్‌ఫేస్ ఉన్న నేమ్‌స్పేస్‌లోనే వెతుకుతుంది. ప్రోటోకాల్ టీసీపీ లేదా యూడీపీ మాత్రమే. రిజర్వ్‌డ్ బైట్లు సున్నా కాకపోతే మైనస్ 22, అంటే ఇచ్చింది తప్పనే ఎర్రర్, వస్తుంది. ఎంట్రీ లేకపోతే మైనస్ 2. దొరికితే దిశ కూడా చెబుతుంది: మనవాళ్లు మొదలుపెట్టిన కనెక్షన్‌కు జవాబైతే 1, బయటివాళ్లు మొదలుపెట్టిందైతే 0.

దొరికిన ఎంట్రీని వాడాక 'బీపీఎఫ్ సీటీ రిలీజ్' పిలిచి వదిలేయాలి. ఒక్క దారిలో వదలకపోయినా, ప్రోగ్రాంను ముందుగా పరీక్షించే కెర్నెల్ వెరిఫయర్ దాన్ని లోడ్ కానివ్వదు. 'అన్‌రిలీజ్డ్ రిఫరెన్స్' అని చెప్పి, ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర తీసుకున్నామో కూడా చూపిస్తుంది. ఈ కఠినత్వం నాకు ఎంతో నచ్చింది. లైవ్ గేట్‌వేలో కనపడకుండా జరిగే మెమరీ లీకేజీని లోడ్ చేసే దగ్గరే ఆపేస్తుంది.

టెస్ట్ బెడ్‌లో మొదట ప్రతి లుకప్‌కూ మైనస్ 2 వచ్చేది. కాన్‌ట్రాక్ కమాండ్‌తో చూస్తే పట్టికే ఖాళీ. మాడ్యూల్ ఎక్కినంత మాత్రాన ట్రాకింగ్ మొదలు కాదు. ఆ నేమ్‌స్పేస్‌లో దాని అవసరం ఉన్న రూలు, నాట్ గానీ సీటీ స్టేట్ (కనెక్షన్ స్థితి చూసేది) గానీ, ఒకటైనా ఉంటేనే ప్యాకెట్లను పట్టుకునే కాన్‌ట్రాక్ హుక్‌లు తగులుకుంటాయి. మాస్క్వెరేడ్ (ఒక రకం నాట్) రూలు వేసిన క్షణంలో పట్టికలో వరసలు రావడం మొదలైంది.

నన్ను బాగా వేధించిన సందేహం ఇంకొకటి ఉంది. కస్టమర్ పంపిన మొదటి ప్యాకెట్‌కు జవాబు చాలా వేగంగా వచ్చేస్తే, అప్పటికి పట్టికలో ఎంట్రీ లేక జవాబును మేమే పారేస్తామా? కెర్నెల్ సోర్స్ చదివాక మనసు కుదుటపడింది. ఎంట్రీ పట్టికలో ఖాయమయ్యేది పోస్ట్‌రౌటింగ్ (ప్యాకెట్ బయటికి పోయేముందు నెట్‌ఫిల్టర్ చివరి మజిలీ) చివర్లో, నాట్ అయిన తర్వాత, ప్యాకెట్ ఇంకా కార్డుకు చేరకముందు. కాబట్టి జవాబు వచ్చేసరికి ఎంట్రీ ఉండే తీరుతుంది, అదీ పబ్లిక్ అడ్రస్‌తోనే. ఇంకో రకంగా చూసినా అంతే. ఎంట్రీ లేని ప్యాకెట్‌ను లోపల ఎవరికివ్వాలో కెర్నెల్‌కు కూడా తెలియదు. అది ఎలాగూ పారేసేదాన్ని మనం ముందుగా, తక్కువ ఖర్చుతో పారేస్తున్నాం.

మినహాయింపులే అసలు శ్రమ. ఐసీఎంపీని, అంటే నెట్‌వర్క్ తప్పులు తెలిపే కబుర్లను, ఈ లుకప్ చూడదు. ప్యాకెట్ మరీ పెద్దదైందని చెప్పే 'ఫ్రాగ్మెంటేషన్ నీడెడ్' కబురు ఆగిపోతే పెద్ద పేజీలు సగంలో నిలిచిపోతాయి, అందులోనూ మా కస్టమర్లు పీపీపీఓఈ (లాగిన్‌తో కలిసే పద్ధతి) మీద 1492 బైట్ల ఎంటీయూతో, అంటే ఆ గరిష్ఠ ప్యాకెట్ సైజుతో, ఉంటారు. అందుకని ఐసీఎంపీని ఒక హద్దు పెట్టి పైకి వదిలాం. ముక్కలైన ప్యాకెట్‌లో రెండో ఫ్రాగ్మెంట్ (ముక్క) నుంచి పోర్టులు ఉండవు, వాటినీ అలాగే. ఐపీవీ6లో పక్క మెషిన్లను కనుక్కునే నెయిబర్ డిస్కవరీని ముట్టుకుంటే లింకే పోతుంది. ప్యాకెట్ ఏ ఉప నెట్‌వర్క్‌దో చెప్పే వీల్యాన్ ట్యాగును కార్డు ముందే తీసేస్తే ఎక్స్‌డీపీకి అది కనపడదు కాబట్టి కార్డు సెట్టింగులు మార్చే ఈథ్‌టూల్‌తో కార్డు చేసే ఆ పని (ఆఫ్‌లోడ్) ఆపేశాం.

లైవ్‌లో పెట్టినప్పుడు మొదట ఏదీ పారేయలేదు. ఎంట్రీ లేని ప్యాకెట్లను పర్-సీపీయూ (ఒక్కో కోర్‌కు విడి లెక్క ఉండే) మ్యాప్‌లో పోర్టువారీగా లెక్కబెట్టాం, అంతే. ఆ లెక్కలో ఒక పోర్టు మళ్లీ మళ్లీ పైకి వస్తోంది, మా రిజిస్టర్‌లో దాని పేరు లేదు. వెతుక్కుంటూ పోతే పాతూరులో ఒక బట్టల దుకాణం సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె) తేలింది. ఎప్పుడో ఎవరో చేత్తో వేసిన పోర్ట్ ఫార్వర్డ్, అంటే బయటి పోర్టును లోపలి మెషిన్‌కు మళ్లించే రూలు.

"అన్నా, ఈ కెమెరా బయటినుంచి చూస్తారా?" అని దుకాణాయన్ను అడిగాను.

"దినామూ చూస్తానప్పా. రాత్రి తలుపులేసి ఇంటికి పొయ్యినంక ఒకతూరి చూడకుంటే నిద్ర రాదు. దాన్ని మాత్రం తియ్యొద్దప్పా."

బయటినుంచి మొదలయ్యే కనెక్షన్ కాబట్టి మొదటి ప్యాకెట్‌కు పట్టికలో ఎంట్రీ ఉండదు. ఇలాంటివాటికి ఒక అనుమతి మ్యాప్ పెట్టాం. ఆ మ్యాప్, ఎన్‌ఎఫ్‌టేబుల్స్ డీనాట్ రూలు (ఫైర్‌వాల్‌లో ఆ మళ్లింపు చేసేది) రెండూ ఒకే ఫైలు నుంచి స్క్రిప్టు తయారుచేస్తుంది. చేత్తో రూలు వేయడం అక్కడితో బంద్.

పారేయడం మొదలుపెట్టాక వచ్చిన వరదలో డ్రాప్ కౌంటర్ పరుగెత్తింది గానీ కేసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ టాప్‌లో పైవరసకు రాలేదు. స్కానింగ్ సెంటర్ నుంచి ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు. లింకు మొత్తం నిండేంత పెద్ద దాడికి మాత్రం ఇది మందు కాదు, దాన్ని పైనున్న ప్రొవైడరే ఆపాలి.

ఎంట్రీ దొరికిన ప్యాకెట్‌ను ఎక్స్‌డీపీలోనే నాట్ చేసి నేరుగా లోపలికి మళ్లిస్తే ఇంకా వేగం కదా అని మా ఆఫీసులో కుర్రాడు అడిగాడు. 6.0లో ఎంట్రీలు సృష్టించే, గడువు మార్చే కేఫంక్‌లు కూడా వచ్చాయి. అయినా నేను వద్దన్నాను. అలా మళ్లించిన ప్యాకెట్లను కాన్‌ట్రాక్ చూడదు. టీసీపీ విండో (ఎంత డేటా వరకు రావచ్చన్న హద్దు) లెక్క తప్పి మంచి ప్యాకెట్లు కూడా ఇన్‌వాలిడ్ అవుతాయి, యూడీపీ ఎంట్రీలు 30 సెకన్లకో 120 సెకన్లకో గడువు తీరి మాయమవుతాయి. గడువును మనమే పొడిగిస్తూ పోతే మళ్లీ రెండో పుస్తకం తెరిచినట్టే. మా ప్రోగ్రాం అడుగుతుంది, పారేస్తుంది లేదా పైకి వదులుతుంది.

కేఫంక్‌లకు పాత హెల్పర్లకు (బీపీఎఫ్ ప్రోగ్రాంలు ముందునుంచీ పిలుస్తున్న ఫంక్షన్లకు) ఉన్నంత స్థిరమైన హామీ లేదు, కెర్నెల్ మారితే అవీ మారొచ్చు. అందుకని ఏ అప్‌డేట్ వచ్చినా ముందు ఆ మూడు నేమ్‌స్పేస్‌ల టెస్ట్ బెడ్‌లో లోడ్ చేసి, జవాబు ప్యాకెట్, చెత్త ప్యాకెట్, ఫ్రాగ్మెంట్, ఐసీఎంపీ, డీవీఆర్ పోర్టు అన్నీ పంపి చూస్తాం. ఏది తప్పినా ఆ కెర్నెల్ గేట్‌వేకు పోదు.