నాన్న పక్షిని చూడలేదు

ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు కూర్గ్‌కి చెందిన కొడవ కులస్థుడు. ఏటా కైల్‌పొదు పండక్కి తుపాకీకి పూజ చేసే కుటుంబం. (కొడవలకి ఆయుధాల లైసెన్సు నుంచి మినహాయింపు బ్రిటిషు కాలం నాటిది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది.) బెంగళూరు జయనగర్‌లో వాళ్లింట్లో తాతగారి డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది, ఇంగ్లండులో చేసినది. దాని మీద నగిషీ ఎలాంటిదో చూడమని మా నాన్నని పిలిచాడు. నాన్నది ప్రొద్దుటూరు. ముప్పై ఏళ్లు ఇక్కడి నగర్తపేటలో బంగారం మీద నగిషీలు చెక్కారు. తుపాకీ ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఖాళీగా ఉందా?" అన్నారు. మిత్రుడు తెరిచి గొట్టాలు చూపించాకే లూప్ (కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం) తీశారు.

గొట్టాల వెనక కుడివైపు ఉక్కు పలక మీద బంగారు కౌజు పిట్ట. ఒక్కో ఈకా తెలుస్తోంది. "ఎంత బాగుందో!" అన్నాను. నాన్న దాని జోలికే పోలేదు. పలకంతా అల్లుకున్న సన్న తీగ చుట్టుల మీద లూప్ నడిపారు. చేయి తిరిగినవాడి గీత వెంట్రుకంత సన్నగా మొదలై, వంపులో లావై, మళ్లీ సన్నబడుతుందట. ఉలి ఎక్కడ ఆగినా వంపులో చిన్న మూల పడుతుంది. ఉలి కోసిన గాడి అడుగు మెరుస్తుంది, లేజర్‌ది మాడినట్టు మబ్బుగా ఉంటుంది. (పోయినేడు చేతిపని అనుకుని నేను కొన్న వెండి కుంకుమ భరిణె గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. దాని మీద ఆకులన్నీ ఒకే అచ్చు.)

తర్వాత మరలు (స్క్రూలు). వాటి తలల మీదా పూలు చెక్కారు. గాడులన్నీ గొట్టం వెంబడే, ఒకే వరసలో. మర పూర్తిగా బిగిస్తేనే రేకులు పక్క గీతలతో కలుస్తాయి. ఎడమవైపు ఒక్కటి మాత్రం కాస్త పక్కకి తిరిగి ఉంది.

ఆఖరికి కౌజు దగ్గరికొచ్చారు. "ఇది తర్వాత పెట్టింది రా. కింద తీగ చుట్టు సగంలో తెగిపోయింది చూడు. చెక్కినవాడే పక్షిని అనుకుని ఉంటే తీగని దాని చుట్టూ తిప్పేవాడు."

ఇంకో తేడా కూడా ఉంది. ఇలాంటి పలకల మీద ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే చెక్కి, తర్వాత ఎముకల బొగ్గులో పెట్టి కాల్చి గట్టిపరుస్తారు. అప్పుడే నీలం, గోధుమ మచ్చలు వస్తాయి. మళ్లీ చెక్కాలంటే సాధారణంగా కాల్చి మెత్తబరచాలి, మచ్చలు పోతాయి. ఎడమ పలక అంచుల్లో ఆ రంగులు ఇంకా ఉన్నాయి. కుడి పలక అంతా ఒకే బూడిద రంగు.

మిత్రుడి మొహం వాడింది. "అంటే చెడిపోయినట్టా అంకుల్?"

"కౌజు పనివాడు తక్కువవాడేం కాదు. తీగ పనివాడు వేరే మెట్టు, అంతే."

వంకర మర సరిచెయ్యమని మిత్రుడు స్క్రూడ్రైవర్ తెచ్చాడు. నాన్న దాని మొన, మర గాడి పక్కపక్కన పెట్టి చూపించారు. గాడి కాగితమంత సన్నం. "ఇదివరకు దీన్ని తిప్పినవాడూ ఇలాంటిదే పట్టుకుని ఉంటాడు," అని లూప్ జేబులో వేసుకున్నారు.