బ్రేక్ డిస్కులు కొనే ముందు కాస్త ఆగండి

సింహాచలం ఘాట్ దిగుతూ బ్రేక్ నొక్కితే స్టీరింగ్ వణుకుతోందని చెప్పామంటే చాలు, షెడ్డులో వెంటనే "డిస్కులు పోయాయి సార్, మార్చేద్దాం" అంటారు. మార్చొచ్చు, కానీ ముందు డిస్క్ (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, బ్రేక్ ప్యాడ్లు దీన్నే నొక్కి పట్టి బండి ఆపుతాయి) మందం కొలవమనండి. ఎంత వరకు అరగొచ్చో ఆ కనీస మందం చాలా డిస్కుల మీద మిల్లీమీటర్లలో చెక్కే ఉంటుంది, అంతకంటే తగ్గితే ఇక బేరాల్లేవు. కొలిచేది మైక్రోమీటర్‌తో (స్క్రూ తిప్పి మందం కొలిచే పరికరం) అయితే మేలు, ఎందుకంటే అరగని అంచు గట్టులా పైకి లేచి ఉంటుంది (వేలు పెడితే తెలిసిపోతుంది), వెర్నియర్ (జరిపే దవడలున్న కొలత స్కేలు) దాని మీద ఆని ఎక్కువ చూపిస్తుంది.

బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లకి ఇంకో టెన్షన్, తుప్పు. రాత్రికి రాత్రి పట్టే ఎర్రటి పొర నాలుగు సార్లు బ్రేక్ నొక్కితే పోతుంది, దాని కోసం డబ్బు తగలెయ్యక్కర్లేదు. కొత్తవి కొంటే మాత్రం మన ఉప్పుగాలికి కోటింగ్ ఉన్నవే తీసుకోండి. చిల్లులున్న స్టైల్ డిస్కులు సిటీ కారుకి అనవసరం, ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలయ్యే అవకాశం ఉంది.

ఒకే మోడల్‌లో కూడా వేరియంట్‌ని బట్టి సైజు మారొచ్చు కాబట్టి ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ నంబర్ సరిచూసుకోండి. రెండు వైపులా కలిపి, కొత్త ప్యాడ్లతో మార్పించండి. బిగించే ముందు హబ్ (డిస్క్ కూర్చునే చక్రం మధ్య భాగం) మీద తుప్పు గీకించడం మర్చిపోవద్దు, అది వదిలేస్తే కొత్త డిస్క్ కూడా వంకరగా కూర్చుని కొన్నాళ్లకే వణుకు మొదలెడుతుంది.