చువ్వలు వదలని ఇల్లు

2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ నుంచి స్వచ్ఛంద విరమణ తీసుకుని బయటికి వచ్చినవారు దేశమంతటా 78 వేల మందికి పైనే. రాజమహేంద్రవరంలో వారిలో నేనొకణ్ణి. ఎవరైనా రిటైరైతే అంతా కలిసి ఒక్కరికి దండ వేయడం మాకు అలవాటు. ఆ సాయంత్రం వేసేవారికంటే వేయించుకునేవారే ఎక్కువ. తాళాలు, పనిముట్ల సంచి, నిచ్చెన అప్పగించి, రిజిస్టరులో సంతకం పెట్టి స్కూటరు తీశాను. అప్పటికి నాకు 56 ఏళ్లు.

ఈ మధ్య వేరే కంపెనీల్లో ఇలాంటి ప్యాకేజీ ముందుకొచ్చినవారు, పాత మిత్రుల పిల్లలు ఫోను చేసి అడుగుతున్నారు: తీసుకోమంటారా, డబ్బు ఏం చేశారు, ఇల్లు కట్టడం మంచిదేనా అని. అందరికీ ఒకే చోట జవాబు రాస్తున్నాను. డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. ఇంటి గురించే చెప్పవలసింది ఎక్కువ.

1985లో టెలిఫోన్ శాఖలో దినసరి మజ్దూరుగా చేరాను. కందకాలు తవ్వడంతో మొదలై, పర్మనెంటు అయి, చివరికి టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. ఎక్కువ కాలం చేసింది కేబుల్ జాయింటింగ్, అంటే భూమిలోని ఫోను కేబుళ్లను అతకడం. గొయ్యిలో గొంతుక్కూర్చుని, కిరోసిన్ గుడ్డతో తీగల మీది జెల్లీ తుడిచి, రంగుల వరుసలో తీగల జతలు విడదీయాలి. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా ఒక వైపు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద మరో వైపు. ఒక్కో రంగును అవతలి అయిదింటితో జత కడితే ఇరవై అయిదు జతలు. ఒక్క జత తారుమారైతే డాక్టరుగారి ఫోను బియ్యం కొట్లో మోగుతుంది. జాయింటు మూసేటప్పుడు వెంట్రుకవాసి సందు మిగిలినా మొదటి వానకే నీరు దిగి వీధంతా మూగబోతుంది. ఆ పని నాకు ఇష్టం. చివరి రోజు వరకూ ఇష్టంగానే చేశాను. మోకాళ్లు మాత్రం ఆ గోతుల్లోనే అరిగాయి.

పథకం 2019 నవంబరు 4న తెరిచి డిసెంబరు 3న మూశారు. యాభై ఏళ్లు నిండినవారు అర్హులు. పూర్తిచేసిన ప్రతి సంవత్సరానికి 35 రోజుల జీతం, సర్వీసులో ఇంకా మిగిలిన ప్రతి సంవత్సరానికి 25 రోజుల జీతం. దానికి గరిష్ఠ పరిమితి కూడా ఉంది కాబట్టి కేవలం గుణకారం చేసి సంబరపడకూడదు. నా నిర్ణయాన్ని తేల్చిన అంశం మాత్రం పెన్షను. 2000 అక్టోబరు 1న సంస్థ ఏర్పడక ముందు శాఖలో చేరి, తర్వాత ఇందులో విలీనమైన మాలాంటివారికి ప్రభుత్వ పెన్షను నిబంధనలు వర్తిస్తాయి. నెలనెలా వచ్చేది ఉంది కాబట్టే సంతకం పెట్టాను. అది లేని ప్రైవేటు ఉద్యోగి నన్ను చూసి నిర్ణయం తీసుకోకూడదు. నాకు ఫోను చేసిన ఇద్దరికి ఈ మాటే చెప్పి, వద్దన్నాను.

ఆ పరిహారం (ఎక్స్‌గ్రేషియా) రెండు వాయిదాల్లో వచ్చింది. మొదటిది పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్‌లో వేశాను. అరవై నిండకపోయినా 55 దాటి విరమణ తీసుకున్నవారికి అందులో చోటు ఉంది, కాకపోతే డబ్బు చేతికొచ్చిన నెల లోపు వేయాల్సి ఉండేది. ఇప్పుడు ఆ గడువు మూడు నెలలు. అప్పట్లో గరిష్ఠం 15 లక్షలు, 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షలు. విరమణ పరిహారంలో 5 లక్షల వరకు ఆదాయ పన్ను ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. బంధువుల్లో ఒకరు నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పుతానన్నారు. ఇవ్వలేదు. మాటలు తగ్గాయి, బంధుత్వం నిలిచింది.

రెండో వాయిదాతో ఇల్లు. కొవ్వూరులో, నా భార్య పుట్టిన ఊళ్లో, ఎప్పుడో కొన్న నూటయాభై గజాల స్థలం ఉంది. ముప్ఫై అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల లోతు. రాజమహేంద్రవరానికి గోదావరే అడ్డం. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన దాటితే పాత మిత్రులంతా దగ్గరే. లాక్‌డౌన్ సడలి మేస్త్రీలు దొరకడం మొదలయ్యాక పని ఎత్తుకున్నాం.

పునాది ఎత్తు దగ్గరే మొదటి చిక్కు. 1986 ఆగస్టు వరదల తర్వాత తడిసిన కేబుళ్లు తవ్వి తీసినవాణ్ణి నేను. ఆ బురద చూసినవాడు ఇల్లు రోడ్డు మట్టానికి కట్టడు. మూడు అడుగులు లేపాలని నా పట్టు. కానీ మూడు అడుగులంటే ఆరు మెట్లు, మా ఇద్దరి మోకాళ్లకూ మెట్లు పడవు. మెట్లకు బదులు వాలు (ర్యాంపు) కట్టాలంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, అంతకంటే నిటారుగా ఉంటే చక్రాల కుర్చీ ఒకరే తోయలేరు. మూడు అడుగులకు ముప్ఫై ఆరు అడుగులు కావాలి. మా స్థలం లోతులో అది గుమ్మం దాటిపోతుంది. చివరికి రెండు అడుగుల దగ్గర రాజీపడి, ఉత్తరం గోడ పక్కన ఇరవై నాలుగు అడుగుల వాలు కట్టించాను. "ఆసుపత్రికి కడతారండీ ఇలాంటిది, ఇంటికి ఎవరు కట్టించుకుంటారు?" అన్నాడు మేస్త్రి. కట్టాక మాత్రం సిమెంటు బస్తాలు ఆ వాలు మీదుగానే తోపుడు బండిలో లోపలికి తెప్పించాడు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీరు రాలేదు. గట్టు మమ్మల్ని కాపాడింది. కానీ నది నిండుగా ఉంటే ఊళ్లో పడిన వాన నదిలోకి పోదు. మా వీధిలో పిక్కల లోతున నిలిచింది. వాలు కింది భాగం మునిగింది, గుమ్మం తడవలేదు. పక్కింటి పెద్దావిడను మా హాల్లోనే పడుకోబెట్టాం. ఆవిడ కోడలు, నా భార్య కలిసి రెండిళ్ల వంట ఒకే పొయ్యి మీద చేశారు. ఈ వీధిలో మేం కొత్తవాళ్లం కాకుండా పోయింది ఆ వారంలోనే.

రెండో చిక్కు మేడ. ఒక్క అంతస్తే వేస్తున్నామంటే ఎవరూ ఒప్పుకోలేదు. పోనీ స్తంభాల చువ్వలు పైకి వదిలేయమన్నారు. పుణె నుంచి మా అబ్బాయి కూడా అదే మాట: "నాన్నా, రేపు మేం వస్తే పైన వేసుకుంటాం కదా."

"నువ్వు వచ్చే రోజున ఇంజినీరును పిలిచి అడుగుదాం రా. ఇప్పుడు మాత్రం అమ్మకూ నాకూ సరిపోయేదే కడతాను" అన్నాను.

కొంచెం నొచ్చుకున్నాడు. కానీ మన ఊళ్లలో ఏ వీధిలో తలెత్తి చూసినా తుప్పు పట్టిన చువ్వలే. రాని పిల్లల కోసం, పెరగని మేడల కోసం. వాన నీరు ఆ చువ్వల వెంటే స్తంభంలోకి దిగుతుంది. ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పగులుతుంది. సరిగా మూయని జాయింటులో నీరు చేసే పనే ఇది. పిల్లల మీద ప్రేమ ఉంటే వారు వచ్చినప్పుడు పడుకోవడానికి ఒక గది శుభ్రంగా ఉంచాలి. వారికోసం అనుకుంటూ మన ముసలితనానికి కావలసినవి కట్టకుండా వదిలేయడం ప్రేమ కాదని నేను గట్టిగా నమ్ముతాను. మేడ వేయకపోవడంతో మిగిలిన డబ్బు బాత్రూములో పెట్టాను: మూడు అడుగుల తలుపు, అదీ బయటికి తెరుచుకునేది. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరిచే తలుపును వాళ్ల ఒళ్లే అడ్డుకుంటుంది. గరుకు పలకలు, కమోడ్ పక్కన గోడకు స్టీలు కడ్డీ. ప్లగ్గులన్నీ నడుము ఎత్తున. వంగి చార్జరు పెట్టే పని లేదు.

గడపల దగ్గర నా భార్యదే గెలుపు. తట్టుకుని పడతామని అన్నీ తీసేద్దామన్నాను. "ఏమండీ, పసుపు రాయడానికి ఒక్క గడప కూడా లేని ఇల్లు ఇల్లేనా?" అంది. సింహద్వారానికి టేకు గడప, లోపల ఎక్కడా లేదు. 2021 శ్రావణంలో గృహప్రవేశం. పాలు పొంగించి, ఆవును ఆ వాలు మీదుగానే తెచ్చాం.

మూడు దశాబ్దాల పైగా ఎవరి ఇంటి లైను పోయిందో చూసుకుంటూ తిరిగినవాడికి మొదటి నెలలు కష్టమే. వాన మొదలైతే చెయ్యి చొక్కా కోసం వెళ్లేది. ఆ బెంగకు మందు పనే. కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చాను. సపోటా, కరివేపాకు, నందివర్ధనం నిలదొక్కుకున్నాయి. వీధిలో ఇంటర్నెట్ తీగలు, మోటారు స్విచ్చులు నేనే చూస్తున్నాను. డబ్బు తీసుకోను. ఎదురింటి అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు. వాడికి తీగ ఒలవడం, జత మెలిపెట్టడం నేర్పుతున్నాను. వేళ్లు మొరటుగా ఉన్నాయి కానీ ఓపిక ఉంది.

పోయిన నెల వీధి చివర కొత్త ఇల్లు మొదలైంది. ఆ ఇంటి యజమాని వచ్చి మా బాత్రూము తలుపు టేపుతో కొలుచుకుని, కడ్డీ ఎక్కడ కొన్నామో రాసుకుని వెళ్లారు. వాలు కూడా కట్టిస్తున్నారు, పద్దెనిమిది అడుగులు. పునాది అడుగున్నరే లేపారు కాబట్టి సరిపోతుంది. స్లాబు మీద చువ్వలు మాత్రం వదిలారు. ఇద్దరు కొడుకులూ హైదరాబాదులోనే ఉన్నారట, తప్పకుండా వస్తారని చెప్పారు. అయితే కనీసం వాటికి సిమెంటు పాల పూత వేసి, పైన పలచని కాంక్రీటు కప్పించమన్నాను. రేపు మేస్త్రిని తీసుకొస్తానన్నారు.