డాక్టరేట్ ఎందుకమ్మా, స్టాప్‌వాచీ చాలదా: నా పీహెచ్‌డీ అనుభవం

మొన్న మంగళవారం వైవా అయిపోయింది. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

విజయవాడలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో పదకొండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, తర్వాత క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌కి మారాను. నేను వార్డులో అడుగుపెడితే చాలు, "క్వాలిటీ మేడమ్ వస్తోంది" అంటూ సిస్టర్లు గబగబా రిజిస్టర్లు నింపేస్తారు. నా టాపిక్ డిశ్చార్జ్ ఆలస్యం. రౌండ్స్‌లో డాక్టరు "ఇంటికెళ్లొచ్చు" అన్నాక పేషెంట్ గేటు దాటడానికి ఎంతసేపు పడుతోంది, ఎక్కడ ఆగిపోతోంది, ఎలా తగ్గించాలి అన్నది. హాస్పిటళ్ల నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం నెలనెలా ఆ సగటు టైము లెక్కగట్టి ఫైల్లో పెడతాం. సగటులో ఏం కనబడుతుంది? ఒక పెద్దాయనకి ఉదయం 9.20కి వెళ్లమన్నారు, సాయంత్రం 5.05కి వెళ్లాడు. ఆయన డిశ్చార్జ్ సమ్మరీ టైప్ అయిపోయి గంటన్నరసేపు టేబుల్ మీదే పడుంది. సంతకం పెట్టాల్సిన కుర్ర డాక్టరు ఓపీలో ఉన్నాడు.

ఎంట్రన్స్ మొదటిసారికే వచ్చేసింది. కోర్సువర్క్ శని, ఆదివారాల్లో గడిచిపోయింది. స్టాటిస్టిక్స్‌కి మాత్రం ఇంటర్ చదివే మా అబ్బాయి పక్కన కూర్చున్నాను, సిగ్గేం లేదు.

అసలు కథ మా హాస్పిటల్ ఎథిక్స్ కమిటీ దగ్గర మొదలైంది. పేషెంట్ల మీద చేసే రీసెర్చ్‌ని ముందుగా రివ్యూ చేసి అనుమతి ఇచ్చేది వాళ్లే. పద్నాలుగు నెలలు తినేసింది.

వైద్య పరిశోధనలు చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, పేషెంట్ల గుర్తింపు వివరాలు లేకుండా, ఎవరికీ హాని లేకుండా చేసే పనులు కొన్నిటికి రివ్యూ నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. సంస్థ తన పనితీరు తనే చూసుకునే క్వాలిటీ ఆడిట్లు ఆ జాబితాలో ఉన్నాయి. మా కమిటీ నా ప్రపోజల్ చూసి "ఇది ఆడిట్ కదమ్మా" అని మినహాయింపు లెటర్ చేతిలో పెట్టింది. ఎగురుకుంటూ యూనివర్సిటీకి వెళ్తే అక్కడ "మినహాయింపు అంటే రీసెర్చ్ కాదనేగా? మరి పీహెచ్‌డీ ఎలా ఇస్తాం?" అన్నారు. సరే, రీసెర్చ్ అని మార్చి తెస్తే కమిటీ ఆఫీసులో "ఆడిట్‌ని రీసెర్చ్ అని ఎలా రాస్తారు?" అన్నారు. ఇలా మూడు తిరుగుళ్లు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏంటో అప్పుడు తెలిసింది. ప్రతిసారీ కమిటీ ఆఫీసు గుమాస్తా నోట ఒకటే మాట: "సోమవారం రండి."

చివరికి మీటింగ్‌కి పిలిచారు. రెండింటికి రమ్మని ఐదున్నరకి లోపలికి రానిచ్చారు. నిలబెట్టే మాట్లాడారు, నాలుగు నిమిషాలు కూడా లేదు. ఒక పెద్ద సర్జన్ ఫోన్లోంచి తలెత్తకుండానే "స్టాప్‌వాచీ పట్టుకుని వార్డుల్లో తిరగడానికి డాక్టరేట్ ఎందుకమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన అన్న మాట ఎప్పుడో మర్చిపోయేదాన్ని, నేను నవ్వడమే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఇలాంటి కమిటీల్లో వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు ఒకరుండాలి, అది రూలు. మా కమిటీలో రిటైరైన ఒక బడి మాస్టారు ఉన్నారు. అప్పటిదాకా నోరు విప్పని ఆయన అడిగారు: "డిశ్చార్జ్ రాసేశాక ఆ పేషెంటుకి మధ్యాహ్నం భోజనం ఎవరు పెడతారమ్మా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. కంప్యూటర్లో డిశ్చార్జ్ ఎక్కించగానే వంటింటికి వెళ్లే డైట్ ఆర్డరు ఆగిపోతుంది. పదకొండేళ్లు ఆ వార్డుల్లోనే తిరిగిన నాకూ ఆ ప్రశ్న తట్టలేదు.

దారి అక్కడే దొరికింది. పేషెంట్లనీ, వెంట ఉండేవాళ్లనీ కూర్చోబెట్టి అడగాలి. అలా అడగాలంటే అంగీకార పత్రం కావాలి, అది కావాలంటే మినహాయింపు కాదు, రివ్యూ జరగాలి. రివ్యూ జరిగిందంటే యూనివర్సిటీ ఇక నోరెత్తదు. ఈ ముక్క మొదటి రోజే ఎవరైనా చెప్పుంటే నాకు ఏడాది మిగిలేది. మీరెవరైనా ఈ లైన్లోకి వస్తుంటే మెయిళ్లు పెట్టకండి, ప్రపోజల్ రాయకముందే కమిటీ మెంబర్ సెక్రటరీని స్వయంగా కలవండి. గుమాస్తాల మాట అస్సలు నమ్మకండి.

అంగీకార పత్రం తెలుగులోకి బయట చేయించాను. "పాల్గొనువారి యొక్క గోప్యత పరిరక్షింపబడును" అని వచ్చింది. నూజివీడు వైపు నుంచి కొడుకుని తీసుకొచ్చిన ఒకావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో సంతకం పెడితే బిల్లు పెరుగుద్దా అమ్మా?" అంది. ఆ రాత్రే కూర్చుని మొత్తం తిరగరాశాను. మొదటి వాక్యం: "మీ బిల్లుకీ దీనికీ సంబంధం లేదు." ఆ మార్పుకి మళ్లీ కమిటీ అనుమతి, ఇంకో రెండు నెలలు.

తర్వాతి పని నాకు వచ్చిన పనే. రేపు వెళ్లేవాళ్ల లిస్టు ముందురోజు సాయంత్రమే తీయడం, సమ్మరీ డ్రాఫ్టు రాత్రికే సిద్ధం చేయడం, మిగిలిన మందులు అప్పుడే ఫార్మసీకి తిప్పి పంపడం. ముందు ఒక్క వార్డులో, ఒక్క డాక్టరు పేషెంట్లతో మొదలుపెట్టాం.

మధ్యలో 2024 మేలో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ వచ్చింది. డిశ్చార్జ్ రిక్వెస్టు అందిన మూడు గంటల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీ క్యాష్‌లెస్ తుది అనుమతి ఇవ్వాలి. పేషెంట్లకి మంచిదే, నా థీసిస్‌కి మాత్రం గుండెపోటు. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సరిగ్గా అక్కడే పట్టుకున్నారు: "టైము తగ్గింది మీ వల్లా, ఆ సర్క్యులర్ వల్లా?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ, నగదు కట్టేవాళ్లు, మూడింటికీ విడివిడిగా రన్ చార్టులు వేసి పెట్టుకున్నాను. అంటే డిశ్చార్జ్‌కి పట్టిన టైముని వరసగా చుక్కలుగా పెట్టి, మధ్యస్థ విలువ దగ్గర ఒక గీత గీయడం. వరసగా ఆరు చుక్కలు మధ్యగీతకి ఒకే వైపు పడితే అది కాకతాళీయం కాదని లెక్క. ఇన్సూరెన్స్‌తో సంబంధమే లేని నగదువాళ్ల చుక్కలు ఆ సర్క్యులర్‌కి ముందే గీత కింద వరస కట్టాయి. మా హాస్పిటల్లో రన్ చార్టు వేయడం నాకొక్కదానికే వచ్చు, చెప్పుకుంటే తప్పేంటి?

ఇక మిగిలింది థీసిస్‌ని శోధ్‌గంగలోకి, అంటే దేశంలోని థీసిస్‌లన్నీ పెట్టే వెబ్‌సైట్‌లోకి, ఎక్కించడం. దానికి ముందు మా యూనివర్సిటీ లైబ్రరీ నుంచి నో డ్యూస్ కావాలట. ఇన్నేళ్లలో అక్కడ ఒక్క పుస్తకం కూడా తీసుకోలేదు. నిన్న వెళ్లి అడిగాను.

సోమవారం రమ్మన్నారు.